రివ్యూ ఒక్కటీ లేదు, రాత్రి రెండింటికి ఖాళీ చేస్తారట. బుకింగ్ ఒప్పుకోమంటారా?

మర్రిపాలెం_మేడ | మంగళవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. కొంచెం తొందరగా సలహా కావాలి. రిక్వెస్టుకి 24 గంటల్లో అవునో కాదో చెప్పాలి, అందులో ఇంకో పదిహేను గంటలే మిగిలాయి.

మాది విశాఖ మర్రిపాలెం. నాన్న రిటైరయ్యాక కట్టించిన మేడ. కింద పోర్షన్‌లో అమ్మ ఒక్కతే ఉంటుంది. పైన రెండు బెడ్‌రూముల పోర్షన్‌ని ఏడు నెలలుగా ఒక యాప్‌లో పెట్టి రోజువారీ అద్దెకి ఇస్తున్నాం. నేను బెంగళూరులో కూర్చుని ఫోన్లో నడిపిస్తా. తాళాలు, దుప్పట్లు, పనమ్మాయి, అదంతా అమ్మ. ఇప్పటికి పంతొమ్మిది బుకింగులయ్యాయి.

నిన్న రాత్రి ఒక రిక్వెస్ట్ వచ్చింది. అకౌంట్ తెరిచి మూడు రోజులైంది. రివ్యూలు సున్నా. పేరు 'బుజ్జి'. ఆరుగురు, వచ్చే వారం ఒక్క రాత్రి. ఊరు శ్రీకాకుళం జిల్లా. రాసిందల్లా ఇదీ: "రూమ్ కావాలి. నైట్ 9కి వస్తారు, 2కి వెళ్ళిపోతారు. సగం రాత్రే కదా, రేటు తగ్గుతుందా."

నాకు భయం ఎందుకంటే, ఫిబ్రవరిలో ఇలాగే కొత్త అకౌంట్‌కి ఇచ్చాను. నలుగురమని చెప్పి పదకొండుమంది దిగారు. పరుపు మీద హుక్కా బొగ్గు పడి కాలింది. అమ్మ పైకెళ్ళి తలుపు కొడితే "ఆంటీ, ఐదు నిమిషాలు" అన్నారట. ఆ ఐదు నిమిషాలు మూడున్నర దాకా సాగాయి. అప్పట్నుంచి అమ్మ బుకింగ్ అంటేనే "ఎవరో ఏమో" అంటోంది.

మొదటిసారి వచ్చేవాళ్ళని మీరు ఎలా చూసుకుంటారు? అసలు ఒప్పుకుంటారా?

---

గచ్చిబౌలి_రెండు_ఫ్లాట్లు | మంగళవారం, ఉదయం 9:31

డిక్లైన్ కొట్టు బాస్. ఇందుల ఆలోచించేదేముంది?

కొత్త అకౌంట్, ఒక్క రాత్రి, ఆరుగురు, పైగా రేటు తగ్గించమనుడు. నాలుగింటికి నాలుగున్నయి. నేను మూడేండ్ల సంది చేస్తున్న. మా దగ్గర లోకల్ పోరగాండ్లు బర్త్‌డేలకు బుక్ చేస్తరు. హైదరాబాద్‌ల ఇల్లున్నోడికి హైదరాబాద్‌ల రూమ్ ఎందుకు? ఒక్కసారి ఇచ్చిన. పొద్దున పోయి చూస్తే బాత్‌టబ్బు నిండ ఐసు, సోఫా మీద కేకు. ఎదురింటాయన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల వీడియో పెట్టిండు. సొసైటీ ఐదు వేలు ఫైన్ ఏసి లిఫ్టు పక్కన నోటీసు అంటిచ్చింది, నా ఫ్లాట్ నంబర్ తోటి. ఆర్నెల్లు ఆ లిఫ్టుల తల దించుకొని పోయిన.

అప్పటి సంది నాది ఒకటే రూలు. అదే ఊరోడు, ఒక్క రాత్రి, రివ్యూ లేదు. ఈ మూడు కలిస్తే ఎవడైనా సరే, వద్దు.

---

పాడేరు_పొగమంచు | మంగళవారం, ఉదయం 10:02

గచ్చిబౌలి అన్నా, శ్రీకాకుళం వాళ్ళకి విశాఖ అదే ఊరు ఎలా అవుతుంది?

నేను వేరేలా చెప్తాను. మేము పాడేరు దగ్గర మా ఇంట్లోనే రెండు గదులు ఇస్తాం. మొదట్లో మా పేజీలో నులక మంచం, కట్టెల పొయ్యి ఫోటోలు తప్ప ఏమీ లేవు. రివ్యూ అసలే లేదు. అయినా కాకినాడ నుంచి ఒక కుటుంబం నమ్మి వచ్చింది. వాళ్ళు రాసిన నాలుగు లైన్ల వల్లే మిగతావాళ్ళు వచ్చారు.

ఇంకోటి, రాత్రి రెండు అనగానే అంత కంగారెందుకు? వంజంగి మేఘాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు చలికాలంలో మా ఇంటి నుంచి తెల్లారగట్ల మూడింటికి టార్చి పట్టుకుని బయల్దేరతారు. సూర్యుడు లేచేలోపు కొండెక్కాలి కదా. మా ఊరు తెలియనివాళ్ళు చూస్తే దొంగలనుకుంటారు.

ఆ టైముకి ఎక్కడికెళ్తున్నారో అడిగారా మరి? అడక్కుండా మమ్మల్ని అడిగితే మాకేం తెలుస్తుంది?

---

తిరుచానూరు_రావు | మంగళవారం, ఉదయం 10:40

అమ్మా, కోపం తెచ్చుకోకండి. మీరు బెంగళూరులో కూర్చుని క్యాలెండర్ చూస్తున్నారు, పంచాంగం చూడలేదు. వచ్చే వారం ఆ తేదీన తిథి ఏమిటో కింద పోర్షన్‌లో ఉన్న మీ అమ్మగారిని ఒక్కసారి అడగండి.

రెండోది. అతను "వస్తాం" అని రాయలేదు, "వస్తారు" అన్నాడు. అంటే బుక్ చేసేవాడు ఒకడు, వచ్చేవాళ్ళు వేరు. నన్నడిగితే రాత్రి రెండు కంటే ఇదే ముందు తేల్చుకోవాల్సిన సంగతి.

---

మర్రిపాలెం_మేడ | మంగళవారం, ఉదయం 11:15

రావుగారూ, సిగ్గుగా ఉంది. అమ్మని అడిగితే ఫోన్లో పగలబడి నవ్వింది. "అప్పన్న నిజరూప దర్శనం కదే ఆ రోజు! సింహాచలం నీడలో పుట్టి పెరిగి చందనోత్సవం మర్చిపోయావా?" అంది.

తెలియనివాళ్ళ కోసం: ఏడాదంతా సింహాచలం అప్పన్న, అంటే వరాహ లక్ష్మీనరసింహ స్వామి, చందనపు పూతలోనే ఉంటారు. అక్షయ తృతీయ నాడు మాత్రం ఆ చందనం తీసి అసలు రూపంలో దర్శనమిస్తారు. తెల్లారకముందే దర్శనాలు మొదలవుతాయి. అర్ధరాత్రి దాటాక బయల్దేరకపోతే ఎండలో క్యూలో మాడాల్సిందే. మా ఇంటికీ కొండకీ ఎంతో దూరం లేదు. పోయినేడు ఈ పాటికి మేము ఇంకా అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టలేదు, అందుకే ఈ రద్దీ సంగతి నా బుర్రకి తట్టలేదు.

---

గచ్చిబౌలి_రెండు_ఫ్లాట్లు | మంగళవారం, ఉదయం 11:22

సరే, దేవుని పనే అనుకుందాం అక్కా. ఆ ముచ్చట వాడు చెప్పలె కదా, మీరే కథ అల్లుకున్నరు. పండుగ తేదీలు మోసగాండ్లకు తెల్వదా? డిసెంబర్ 31కి నాకు వచ్చే మెసేజులల్ల సగం "ఫ్యామిలీ గెట్ టుగెదర్" అనే ఉంటది. ఫ్యామిలీ అంటే స్పీకర్లు తెచ్చుకుంటరా?

---

హన్మకొండ_హౌస్ | మంగళవారం, మధ్యాహ్నం 12:05

గచ్చిబౌలి అన్నతో కొంత ఏకీభవిస్తా. కొత్త హోస్టులకి ఒక ముచ్చట చెప్పాలి. మొదటిసారి వచ్చే అతిథి ఇల్లు పాడుచేస్తడనే అందరూ భయపడతరు. నాకు తగిలినోడు ఇంటికి రానేలేదు.

ఫోన్ చేసి ఆర్మీ ఆఫీసర్‌నన్నడు. పోస్టింగ్ మారిందట, కుటుంబాన్ని పది రోజులు ఉంచాలట. వాట్సాప్‌ల యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపిండు. బేరమాడలే, ఇల్లు చూపియ్యమనలే. "మా మిలిటరీ అకౌంట్ నుంచి అడ్వాన్స్ రావాలంటే ముందు మీరు ఈ క్యూఆర్ స్కాన్ చేసి ఒక్క రూపాయి పంపాలి, డబల్ తిరిగొస్తది" అన్నడు. రూపాయి పోతే రెండు రూపాయలొచ్చినయి. మళ్ళ పదివేలకు క్యూఆర్ పంపిండు. నేను పిన్ కొట్టిన. అంతే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చిన గాని ఆ పదివేలు ఇప్పటిదాక రాలే.

పైసలు రావాలంటే స్కాన్ చేసుడు, పిన్ కొట్టుడు ఉండదు. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, ఈ ముక్క తెల్వక కాదు. వాని మాట తీరుకు పడిపోయిన. అసలు అతిథి బేరం చేస్తడు, పార్కింగ్ ఉందా అంటడు, గీజర్ పనిచేస్తదా అంటడు. మీ బుజ్జి రేటు తగ్గించమన్నడంటే నాకైతే నమ్మకం పెరిగింది.

---

మర్రిపాలెం_మేడ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

అయ్యో. ఆ కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు.

సరే, అడుగుతాను. ఎలా అడగాలి? నేను అడిగితే పోలీసు విచారణలా ఉంటుందేమో అని మొహమాటం. ఫిబ్రవరి వాళ్ళని నేనసలు ఏమీ అడగలేదు. "వెల్‌కమ్" అని రాసి ఊరుకున్నా.

---

తిరుచానూరు_రావు | మంగళవారం, మధ్యాహ్నం 2:18

భోజనం చేసి కూర్చున్నాను, కాస్త పెద్దదే రాస్తాను.

మా దగ్గరకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జీవితంలో మొదటిసారి ఇలా ఇల్లు బుక్ చేసుకునేవాళ్ళే. తిరుమల దర్శనం టైము రాత్రి పదకొండుకి దొరికితే పదకొండుకే పోతారు, తెల్లారి నాలుగింటికి గుండుతో తిరిగొస్తారు. వేళల్ని బట్టి మనిషిని అంచనా వేసే పని నేను ఎప్పుడో మానేశాను. రివ్యూలు లేవని వద్దంటే నా ఇల్లు ఖాళీగా ఉంటుంది.

నేను చేసేది ఇంతే. ముందు నా సంగతి నేను చెప్తాను. "మాది ఫలానా వీధి, కింద మేము కాపురముంటాం, రాత్రి పదిన్నర తర్వాత చప్పుడైతే మా మామగారికి నిద్రపట్టదు, ఇంట్లో మందు, మాంసం వద్దు, చెప్పిన లెక్క కంటే ఒక్కరు పెరిగినా ముందుగా చెప్పాలి." ఇది చదివి గొడవ చేసేవాళ్ళలో సగం మంది తామే తప్పుకుంటారు. కింద ఇంటివాళ్ళు ఉంటారన్న ఒక్క మాట ఏ సీసీ కెమెరా కంటే బాగా పనిచేస్తుంది. మేడగారూ, మీ పేజీలో అమ్మగారు కింద ఉంటారని రాశారా? రాసి ఉండరు. ఫిబ్రవరి వాళ్ళు ఖాళీ ఇల్లనుకునే వచ్చి ఉంటారు.

తర్వాత అడుగుతాను. ఎవరెవరు వస్తున్నారు, ఏ పని మీద, ఏ బండిలో. "పెద్దవాళ్ళున్నారా? మేడమీద కదా, మెట్లు ఎక్కగలరా?" అని అడగండి. మర్యాద కోసం అడిగినట్టే ఉంటుంది, వాళ్ళకి నిజంగా పనికొస్తుంది, మీకు కావలసిన జవాబూ వస్తుంది. ముసలమ్మ ఉన్న కుటుంబం మోకాళ్ళ నొప్పుల గురించి నాలుగు లైన్లు రాస్తుంది. పార్టీకి వచ్చే కుర్రాళ్ళు "నో ప్రాబ్లమ్ బ్రో" అంటారు.

జవాబు పొడుగ్గా ఉందా, ఇంగ్లీషు బాగుందా అన్నది చూడకండి. నా మంచి అతిథుల్లో కొందరికి టైపింగే రాదు, వాయిస్ మెసేజ్ పెడతారు. అడిగిన దానికి జవాబు వచ్చిందా, దాటేశారా, అది చూడండి. రెండుసార్లు దాటేస్తే నేను వద్దంటాను.

గుర్తింపు కార్డులు అందరివీ చూస్తాం అని పేజీలోనే రాసి పెట్టండి. బుకింగ్ అయ్యాక కొత్తగా అడిగితే తగవు వస్తుంది. ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను. మొన్నామధ్య ఒక కుటుంబం వచ్చింది. గుంటూరు యాస, మాతోపాటు పులిహోర తిన్నారు. ఆధార్ అడిగితే బయటికి తీసింది అమెరికా పాస్‌పోర్ట్. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి బస ఇస్తే 24 గంటల్లో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) పోర్టల్‌లో వాళ్ళ వివరాల ఫారం (ఇదివరకటి పేరు ఫారం-సి) నింపాలి. హోటళ్ళకే కాదు, మనకీ అదే. విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు చూపించినా నేనైతే నింపేస్తాను, మన తెలుగువాళ్ళే కదా అని వదలను. ఆ రాత్రి పోర్టల్‌లో నా పేరు నమోదు కూడా లేదు. ఒంటిగంట దాకా దానితోనే కుస్తీ.

---

కర్నూలు_ప్రయాణికురాలు | మంగళవారం, సాయంత్రం 4:47

నేను ఇల్లు ఇచ్చేదాన్ని కాదు, బుక్ చేసుకునేదాన్ని. అవతలి గట్టు నుంచి ఒక మాట చెప్పొచ్చా?

నా పేరు షేక్‌తో మొదలవుతుంది. ఉద్యోగ రీత్యా ఒక్కదాన్నే తిరుగుతాను. కొత్తలో నాకూ రివ్యూలు లేవు. ఒక ఊళ్ళో "ఇల్లు ఖాళీగా ఉంది, రండి" అన్నారు. పూర్తి పేరు చెప్పాక "రిపేర్ పని వచ్చిందండీ" అన్నారు. ఇంకోచోట "ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వం, మా వీధిలో బాగోదు" అన్నారు. వాళ్ళంతా దీన్ని జాగ్రత్త అనే అంటారు.

రావుగారు చెప్పిన ప్రశ్నలు నన్ను అడిగితే సంతోషంగా జవాబిస్తా. అవి ఇల్లు గురించి, వచ్చే పని గురించి. కానీ "మీరేమిట్లు", "ఇంటిపేరేంటి", "మీ ఆయన రావట్లేదా" అని అడిగేవాళ్ళని చూశాను. అవి కూడా ప్రశ్నలే కదా. అందుకని కొత్త హోస్టులకి ప్రశ్నలు అడగమని చెప్పేటప్పుడు ఏవి అడక్కూడదో కూడా చెప్పండి.

---

గచ్చిబౌలి_రెండు_ఫ్లాట్లు | మంగళవారం, సాయంత్రం 5:03

మేడం, మీకు అట్ల జరగుడు తప్పే. కానీ ఒక ఓనర్‌గా చెప్తున్న, మా సొసైటీల బ్యాచిలర్లకు, పెండ్లి కాని జంటలకు ఇయ్యొద్దని బైలా ఉందంటరు. నేనేం చెయ్యాలె? నాది పగ కాదు, నాకు తలనొప్పి వద్దు.

---

సివిల్_లాయర్_బెజవాడ | మంగళవారం, సాయంత్రం 6:20

బైలా "ఉందంటారు" అన్నారు, మీరు చదివారా? చాలా సొసైటీల్లో అది సెక్రటరీ గారి నోటి మాట. కాపీ అడగండి.

పెళ్ళికాని జంటల సంగతి: 2019లో కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ని అధికారులు సీల్ చేశారు. పెళ్ళికాని జంట ఉండటం, ఒక గదిలో మద్యం సీసాలు దొరకడం దానికి చెప్పిన కారణాలు. ఆ ఏడాది డిసెంబరులో మద్రాస్ హైకోర్టు సీలు తీయించింది. పెళ్ళికాని ఇద్దరు పెద్దవాళ్ళు హోటల్ గదిలో ఉండకూడదనే చట్టమేదీ లేదని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి "పోలీసులు పట్టుకుంటారు" అని జంటలకి చెప్పి పంపేయకండి. ఇద్దరికీ 18 దాటాయో లేదో చూడండి, అది నిజంగా ముఖ్యం.

యజమాని మెడకి చుట్టుకునేవి వేరే ఉన్నాయి. మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, 25వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి తన ఇంటిని ఆ నేరానికి వాడుకోనిస్తే యజమానికీ శిక్ష ఉంటుంది. "తెలిసి" అన్న మాట దగ్గరే కేసంతా నడుస్తుంది. ఎవరు వచ్చారో, ఎప్పుడొచ్చారో రాసి పెట్టుకున్న రిజిస్టర్ మిమ్మల్ని కాపాడుతుంది. ఏజెన్సీ గంజాయి విశాఖ మీదుగా దాటే రోజుల్లో ఇది ఉత్త మాట కాదు.

కార్డులు చూడండి గానీ ఫోన్ గ్యాలరీలో వందమంది ఆధార్ ఫోటోలు పోగేసుకోకండి. మాస్క్‌డ్ ఆధార్ అడగండి, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. దాని మీది క్యూఆర్ కోడ్‌ని ఆధార్ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫోటో వస్తాయి. ఎదురుగా ఉన్న మనిషితో పోల్చుకోండి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మని ఎవడైనా మార్చగలడు, స్కాన్‌ని మోసం చేయడం అంత సులువు కాదు. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఫోటోకాపీలు ఇవ్వొద్దని ప్రకటన ఇస్తే, రెండ్రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ పాత ప్రకటన చూపించి కార్డు చూపించనని వాదించే అతిథులు ఇప్పటికీ ఉన్నారు. వాదన పెట్టుకోకుండా మాస్క్‌డ్ కాపీ చాలని చెప్పండి, గొడవ వదిలిపోతుంది.

---

మర్రిపాలెం_మేడ | మంగళవారం, రాత్రి 7:55

రావుగారు చెప్పినట్టే రాశాను. అమ్మ కింద ఉంటుందనీ, మెట్లు పద్దెనిమిది ఉన్నాయనీ, పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అనీ. అరగంటలో జవాబొచ్చింది. అలాగే పెడుతున్నా, ఊరి పేర్లు మాత్రం తీసేశా:

"మేడం నేను మస్కట్ లో ఉంటాను. మా అమ్మ నాన్న, పెద్దమ్మ పెదనాన్న, మేనత్త, డ్రైవరు. మా అమ్మకి మోకాలు ఆపరేషన్ అయింది మెట్లకి కర్ర పట్టుకుని ఎక్కుద్ది. నిజరూపం చూడాలని ఎప్పట్నించో అంటంది. హోటల్లు ఖాళీ లేవు. నాకు ఈ యాప్ తెలీదు మా రూమ్మేట్ పెట్టించాడు. మా అమ్మోళ్ళకి స్మార్ట్ ఫోన్ రాదు. కింద గది ఏమైనా ఉంటాదా."

ఇది చదివాక నాకు వద్దనే మనసు లేదు. కానీ అకౌంట్ అతనిది, వచ్చేది వాళ్ళు. రావుగారు ముందే పట్టేశారు. ఇలా ఇవ్వొచ్చా? నాలుగు గంటలుంది.

---

ఓర్లాండో_అద్దిల్లు | మంగళవారం, రాత్రి 8:30

ఇక్కడ మాకు ఉదయం. డిస్నీ దగ్గర మా ఇల్లు ఇలాగే అద్దెకి నడుస్తుంది, తెలుగు కుటుంబాలు బాగా వస్తాయి. ఒకరి పేరున బుక్ చేసి అమ్మానాన్నల్ని పంపడం మనవాళ్ళు మామూలుగా చేసే పనే.

నేను ఎయిర్‌బిఎన్‌బిలో ఉన్నాను కాబట్టి దాని సంగతే చెప్తా. వేరేవాళ్ళ కోసం బుక్ చేయడాన్ని వాళ్ళు సాధారణంగా ఒప్పుకోరు. బుక్ చేసిన మనిషి కూడా వచ్చి ఉండాలి. ఎందుకంటే రేపు కుళాయి విరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, నష్టపరిహారం అడగడం కష్టమవుతుంది. మీ యాప్ నిబంధన ముందు చదవండి. దారి ఏమిటంటే, వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరి పేరున అకౌంట్ తెరిపించి వాళ్ళతోనే బుక్ చేయించండి. డ్రైవరు వస్తున్నాడన్నారుగా, ఆయనకి స్మార్ట్‌ఫోన్ ఉండి తీరుతుంది.

ఇంకో రెండు మాటలు. డిపాజిట్ పేరుతో యాప్ బయట ఫోన్‌పేలో డబ్బు అడక్కండి, అది మీ అకౌంట్‌కే ముప్పు. ఫిబ్రవరి దెబ్బకి లోపల కెమెరా పెట్టాలనిపిస్తుంది, అదీ వద్దు. 2024 ఏప్రిల్ 30 నుంచి ఎయిర్‌బిఎన్‌బి ఇళ్ళ లోపల కెమెరాలు ప్రపంచమంతా నిషేధం. గేటు దగ్గర పెట్టుకోండి, పెట్టినట్టు పేజీలో రాయండి. గేటు కెమెరాలో తలలు లెక్కపెట్టుకుంటే చాలు. నలుగురని పదకొండుమంది వస్తే ఆ క్షణంలోనే ఫోన్ చేయొచ్చు, తెల్లారాక పరుపు చూసి ఏడవక్కర్లేదు.

కర్నూలు సోదరీ, మీరన్నది నిజం. ఎయిర్‌బిఎన్‌బిలో అతిథి ఫోటో బుకింగ్ ఖాయమయ్యాకే కనబడుతుంది, 2018 చివరి నుంచి అంతే. ముఖం చూసి వద్దనేవాళ్ళు అంతమంది ఉన్నారు మరి. పేరు మాత్రం చాలాచోట్ల ముందే కనబడుతుంది, దానికి ఇంకా పూర్తిగా మందు కనిపెట్టలేదు.

---

పాడేరు_పొగమంచు | మంగళవారం, రాత్రి 8:41

ఉంటాది, అంటంది. ఆ భాష చదివితేనే తెలుస్తోంది కదండీ, మోసగాడు ఇంత ఓపిగ్గా మోకాళ్ళ గురించి రాయడు.

---

హన్మకొండ_హౌస్ | మంగళవారం, రాత్రి 8:50

నా ఆర్మీ ఆఫీసర్ కూడా తన తల్లి ఆపరేషన్ గురించి రెండు పేరాలు రాసిండు. కథ నమ్మండి, కానీ డ్రైవర్ పేరున అకౌంట్, కార్డు స్కాన్, రెండూ వదలకండి.

---

మర్రిపాలెం_మేడ | మంగళవారం, రాత్రి 10:25

చేసేశాను. బుజ్జి రిక్వెస్ట్ తిప్పి పంపి, కారణం అతనికి ఫోన్‌లో చెప్పా. ఏమీ అనుకోలేదు, "సరే మేడం" అన్నాడు. ఇందాకే పెదనాన్నగారి పేరున కొత్త రిక్వెస్ట్ వచ్చింది. అకౌంట్ వయసు నలభై నిమిషాలు! ఈసారి ఒప్పుకున్నా. డ్రైవరు అకౌంట్ తెరిచి ఇచ్చాడట, పెదనాన్నగారు రిటైర్డ్ టీచరు, ఫోన్లో నన్నే తిరిగి ఆరు ప్రశ్నలడిగారు. బాత్రూమ్ ఇండియనా వెస్టర్నా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, గేటు రాత్రి రెండింటికి ఎవరు తీస్తారు. రేటు మాత్రం తగ్గించలేదు. ఆయనా మళ్ళీ అడిగారు.

---

మర్రిపాలెం_మేడ | తర్వాతి వారం, శుక్రవారం, సాయంత్రం 6:05

ఏమైందో చెప్పమని ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకే రాస్తున్నా.

తొమ్మిదన్నారు, పదకొండుకి వచ్చారు. దారిలో టైరు పంచరు. ఆరుగురు కాదు, ఏడుగురు. కానీ సాయంత్రమే పెదనాన్నగారు ఫోన్ చేసి "మా వియ్యపురాలు కూడా ఎక్కేసిందమ్మా, ఏం చేయమంటావు?" అన్నారు. అమ్మ మాస్క్‌డ్ ఆధార్ స్కాన్ చేయడానికి తంటాలు పడింది. చివరికి వాళ్ళ డ్రైవరే అమ్మ ఫోన్ పట్టుకుని స్కాన్ చేసిచ్చాడు. దీన్ని తనిఖీ అంటారో లేదో లాయర్‌గారే చెప్పాలి.

మోకాలు ఆపరేషన్ అయిన ఆవిడ మెట్లెక్కలేదు. అమ్మ తన గదిలోనే పడుకోబెట్టింది. రాత్రి రెండింటికి బండి బయల్దేరుతుంటే, పోయినేడు దర్శనం కుదరలేదని అమ్మ కూడా అందులో ఎక్కేసింది. నాకు చెప్పలేదు. పొద్దున ఏడింటికి నేను ఫోన్ చేస్తే క్యూలో ఉన్నానంది. బెంగళూరులో నేను బిక్కచచ్చిపోయాను. అతిథుల్ని వడపోయడం ఎలాగని ఇక్కడ అందర్నీ అడిగాను గానీ, అమ్మ వాళ్ళ బండెక్కుతుందని కలలో కూడా అనుకోలేదు. పదకొండుకి వాళ్ళే ఇంటి దగ్గర దింపి, ప్రసాదం ఇచ్చి వెళ్ళారు.

నష్టాలు: ఒక మగ్గు పగిలింది. గీజర్ ఆన్‌లో వదిలేశారు, తొమ్మిది గంటలు నడిచింది. గీజర్ కట్టేయమని తలుపు వెనకాల తెలుగులో కాగితం అంటించాలి, ఇప్పటిదాకా ఇంగ్లీషులోనే ఉంది. రివ్యూ నేను రాశాను, వాళ్ళింకా రాయలేదు. ఇద్దరూ రాసేదాకా గానీ, పద్నాలుగు రోజులు గడిచేదాకా గానీ కనబడదట కదా. పెదనాన్నగారికి ఆ సంగతి ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు.

---

తిరుచానూరు_రావు | శుక్రవారం, రాత్రి 7:12

మంచిదమ్మా. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ మొదలవుతుంది, 32 కిలోమీటర్లు నడిచి వస్తారు. ఇవే కొత్త అకౌంట్లు మళ్ళీ మొదలవుతాయి. ఆ రోజుకి గీజర్ కంటే ముందు బకెట్లు కొనుక్కోండి, అందరూ కాళ్ళకి వేడినీళ్ళు అడుగుతారు.

---

గచ్చిబౌలి_రెండు_ఫ్లాట్లు | శుక్రవారం, రాత్రి 9:40

అక్కా, మీ అమ్మగారికి దండం. నేనైతే ఇప్పటికీ డిక్లైనే కొడ్తుంటి, అది మాత్రం మార్చుకోను.

కానీ ఆ మెట్ల ప్రశ్న మొన్న వాడి చూసిన. శనివారానికి కొత్త అకౌంట్, ఎనిమిది మంది, "ఫ్యామిలీ". పెద్దోళ్ళు ఉన్నరా, మా లిఫ్టు ఒక్కోసారి ఆగిపోతది అని రాసిన. "నో ఇష్యూస్ బ్రో, మ్యూజిక్ ఓకేనా" అని వచ్చింది. పద్దెనిమిదో అంతస్తు మాది.